ఇంటి ముందు సిమెంటు బాట

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడమంటే గోడలూ కప్పూ అనే మనం అనుకుంటాం. కాని అవన్నీ అయిపోయాక, చేతిలో డబ్బు కూడా దాదాపు అయిపోయాక, గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తున్నప్పుడు చేసే పని ఒకటుంది. అదే గేటు దగ్గర్నుంచి వసారా మెట్టు దాకా పరిచే కాంక్రీటు బాట. మిగిలిన సిమెంటు, అడుగూడ్చిన ఇసుక, తలుపులు బిగించగా ఇంకా ఊళ్లో ఉన్న ఇద్దరు కూలీలు, వీటితో ఒక పూటలో ఆ పని "లాగించేస్తారు". అందుకే ఇంట్లో అన్నిటికన్నా ముందు పగిలేది అదే. రెండు వానాకాలాలు గడిచేసరికి మధ్యలో గీత పడుతుంది. నాలుగో ఏటికి పెళ్ల లేస్తుంది. "సిమెంటు మంచిది కాదండీ" అంటాడు మేస్త్రీ. "మేస్త్రీ మంచివాడు కాదు" అంటాడు యజమాని. నిజానికి నూటికి తొంభై పాళ్లు తప్పు ఆ రెండింటిలోనూ లేదు. తప్పు కింద నేలలో ఉంటుంది, లేదా పైన పోసిన నీళ్లలో ఉంటుంది. ఆ సంగతి ఇంజనీరింగు చదవని మిత్రులకు కూడా తెలిసేలా చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

గచ్చు నుంచి కాంక్రీటు దాకా

మన తాతల కాలంలో వాకిలి అంటే పేడనీళ్లు చల్లి ముగ్గుపెట్టిన మట్టినేల. కలవారి ఇళ్లలో గచ్చు ఉండేది. సున్నాన్నీ ఇసుకనూ గానుగలో ఎద్దుచేత తిప్పించి, మెత్తగా నూరి, ఆ డంగు సున్నంతో నేల చేసేవారు. ఈనాటికీ సిమెంటు నేలను మన పల్లెల్లో "గచ్చు" అనే అంటారు. పదార్థం మారింది గాని మాట మారలేదు.

ఇప్పుడు మనం వాడే పోర్ట్‌లాండు సిమెంటుకు 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీపనివాడు పేటెంటు పుచ్చుకున్నాడు. గట్టిపడ్డాక అది పోర్ట్‌లాండు ద్వీపపు రాయిలా కనిపిస్తుందని ఆ పేరు పెట్టాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని బెల్‌ఫౌంటెన్ అనే చిన్న పట్నంలో 1891లో కాంక్రీటు వీధి వేశారు. అందులో కొంత భాగం నూరేళ్లు దాటినా నిలిచి ఉంది. అంటే శ్రద్ధగా చేస్తే కాంక్రీటు బాట మనుమల కాలం దాకా ఉంటుందన్నమాట.

మన దగ్గర సిమెంటు చాలాకాలం సర్కారు అదుపులో ఉండేది. పర్మిట్ సంపాదించి, బస్తాల కోసం ఎదురుచూసిన రోజులను పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1982లో ఆ అదుపు కొంత సడలింది, 1989లో పూర్తిగా తొలగింది. సిమెంటు కరువు పోయింది. సిమెంటు మీద శ్రద్ధ కూడా దాంతోపాటే పోయిందా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది.

ఎండటం కాదు, పండటం

కాంక్రీటు గురించి మనలో పాతుకుపోయిన అపోహ ఒకటుంది. అది మట్టిలాగా ఎండి గట్టిపడుతుందని అనుకుంటాం. అలా కాదు. సిమెంటు నీటితో రసాయనికంగా కలిసి, కొత్త పదార్థంగా మారి గట్టిపడుతుంది. ఆ మార్పు జరుగుతున్నంత కాలం దానికి తడి కావాలి. వంతెన స్తంభాల పునాదుల్లో కాంక్రీటు నీళ్లలోనే గట్టిపడటం మనకు తెలిసిందే. ఎండటమే గట్టిపడటమైతే అది ఎలా సాధ్యం? కనుక కాంక్రీటు ఎండదు, పండుతుంది అనడం న్యాయం. పండుతున్న కాయకు నీరు ఆపేస్తే ఏమవుతుందో దీనికీ అదే అవుతుంది.

రెండో సంగతి, కాంక్రీటు ఒత్తిడికి బలమైనదే గాని లాగుడికి బలహీనం. నొక్కితే ఎంత బరువు మోస్తుందో, లాగితే అందులో సుమారు పదో వంతుకే తెగిపోతుంది. బాటకు వచ్చే పగుళ్లన్నిటికీ మూలం ఈ ఒక్క బలహీనతే. కింద నేల కుంగితే పలక వంగుతుంది. వంగితే ఒక పక్క సాగాలి, సాగలేదు కాబట్టి చిట్లుతుంది. అలాగే నీరు ఆరేకొద్దీ కాంక్రీటు కుంచించుకుపోతుంది. 30 అడుగుల బాట ఆ కుదింపు వల్ల సుమారు 3 మిల్లీమీటర్లు తగ్గజూస్తుంది. కింద నేల పట్టుకుని తగ్గనివ్వదు. ఆ పెనుగులాటలో ఎక్కడో ఒకచోట తెగుతుంది.

ముందు నేల సంగతి

బాట బలం కాంక్రీటులో సగం, కింద నేలలో సగం. గుంటూరు, ప్రకాశం, కర్నూలు జిల్లాల్లోని నల్లరేగడి నేలల సంగతి ఆ ప్రాంతపు విద్యార్థులకు చెప్పక్కర్లేదు. వానకు ఉబ్బుతాయి, ఎండకు నెర్రెలు విచ్చుతాయి. అలాంటి నేల మీద నేరుగా పలక పోస్తే, అది ఏటా ఒకసారి పైకి లేచి ఒకసారి కిందికి దిగే పడవ మీద కూర్చున్నట్టే. కాబట్టి అక్కడ కనీసం అడుగు లోతు, వీలైతే ఇంకా ఎక్కువ, రేగడి తీసివేసి గ్రావెల్ నింపాలి. తెలంగాణలో దీన్నే మొరం అంటారు. ఎర్రనేల, గరపనేల ఉన్నచోట ఇంత అవసరం లేదు. పైనున్న వేళ్లూ చెత్తా ఉన్న మెత్తటి మట్టి తీసేసి, 4 నుంచి 6 అంగుళాల గ్రావెల్ వేస్తే చాలు.

ఈ గ్రావెల్‌ను ఒకేసారి గుమ్మరించి పైపైన తొక్కితే లాభం లేదు. నాలుగేసి అంగుళాల పొరలుగా పరిచి, తడిపి, దిమ్మిసతో గాని రోలరుతో గాని గట్టిగా కుదించాలి. కొత్తగా కట్టిన ఇంటి చుట్టూ పునాది గోతులు పూడ్చిన మట్టి ఉంటుంది చూశారూ, అది ఒకటి రెండేళ్ల దాకా కుంగుతూనే ఉంటుంది. బాట సరిగ్గా వసారా దగ్గర పగలడానికి అసలు కారణం అదే. అక్కడ మరింత శ్రద్ధగా కుదించాలి.

వాలు కూడా ఇప్పుడే చూసుకోవాలి. నీళ్ల పైపుతో మట్టం పట్టి, ఇంటి నుంచి గేటు వైపుకు అడుగుకు పావు అంగుళం చొప్పున దిగేలా దారం కట్టాలి. 30 అడుగులకు ఏడున్నర అంగుళాలు దిగుతుంది. అంత వీలుకాకపోతే కనీసం అందులో సగమైనా ఉండాలి. వాలును నేలలోనే తేవాలి. నేల చదునుగా ఉంచి కాంక్రీటు మందంతో వాలు తెస్తామంటే ఒక కొస మూడంగుళాలకు పలచబడుతుంది. కారు చక్రం మొదట ఆ కొసనే విరగ్గొడుతుంది.

లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. బాట పొడవు 30 అడుగులు, వెడల్పు 10 అడుగులు, మందం 4 అంగుళాలు. గుణిస్తే సరిగ్గా 100 ఘనపుటడుగులు. కారూ స్కూటరూ తిరిగే ఇంటికి ఈ మందం సరిపోతుంది. ట్రాక్టరో లారీయో వచ్చేదైతే 6 అంగుళాలు వేయాలి.

ఎం-20 రకం కాంక్రీటుకు పాళ్లు ఒకటి, ఒకటిన్నర, మూడు. అంటే సిమెంటు ఒక వంతు, ఇసుక ఒకటిన్నర వంతులు, 20 మిల్లీమీటర్ల కంకర మూడు వంతులు. మన బాటకు సిమెంటు 28 ఘనపుటడుగులు, అనగా 23 బస్తాలు. ఇసుక 42, కంకర 84 ఘనపుటడుగులు. ఈ మూడూ కూడితే 154 వస్తుంది. పోయాల్సింది 100 అయితే 154 ఎందుకు? కంకర రాళ్ల మధ్య సందుల్లోకి ఇసుక దూరుతుంది, ఇసుక రేణువుల మధ్య సందుల్లోకి సిమెంటు దూరుతుంది. మన హాస్టలు బస్సులో సీట్లన్నీ నిండాక కూడా మరో ఇరవై మంది ఎలా పడతారో, ఇదీ అంతే! ఈ లెక్క తెలియక 100 ఘనపుటడుగులకు 100 ఘనపుటడుగుల సామానే తెప్పించి, మధ్యాహ్నానికి సరుకు చాలక, ఆఖరి గజం బాటకు సిమెంటు తగ్గించి పోసేవాళ్లున్నారు.

ఇసుకను గ్లాసుతో పరీక్షించవచ్చు. గాజు గ్లాసులో సగం ఇసుక పోసి, ముప్పాతిక దాకా ఉప్పునీళ్లు నింపి, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక పైన ఒండు వేరే పొరగా తేరుతుంది. ఆ పొర మొత్తంలో నూటికి ఎనిమిది వంతులు మించితే ఆ ఇసుకను కడిగి వాడాలి. సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. మూడు నెలలు నిలవున్న సిమెంటు తన బలంలో సుమారు అయిదో వంతు పోగొట్టుకుంటుంది. వేళ్లతో నలిపితే నలగని గడ్డలుంటే ఆ బస్తా పక్కన పెట్టేయాలి.

బకెట్టు చేసే ద్రోహం

ఇక అసలు శత్రువు దగ్గరికి వద్దాం. అది నీళ్ల బకెట్టు.

కాంక్రీటు గట్టిగా ఉంటే పరచడం కష్టం, నడుము విరుగుతుంది. పల్చగా ఉంటే పాయసంలా దానంతటదే పారుతుంది. అందుకని కలిపేవాళ్లు ఇంకో బకెట్టు, ఇంకో బకెట్టు అంటూ పోస్తారు. 1918లో డఫ్ ఏబ్రమ్స్ అనే అమెరికన్ పరిశోధకుడు కొన్ని వేల పరీక్షల సారంగా ఒక సూత్రం చెప్పాడు. కాంక్రీటు బలాన్ని ముఖ్యంగా నిర్ణయించేది సిమెంటుకూ నీటికీ ఉన్న నిష్పత్తి అని. మన ప్రమాణ గ్రంథం ప్రకారం ఎం-20కి 50 కిలోల బస్తాకు 30 లీటర్లు మించకూడదు. ఇసుకలో ముందే ఉన్న తడి కూడా ఆ 30లోనే లెక్క. 40 లీటర్లు పోశారనుకోండి, సుమారు మూడో వంతు బలం గల్లంతు. సిమెంటుతో కలవని ఆ అదనపు నీరు తరువాత ఆవిరైపోయి, తానున్న చోటల్లా సన్నటి రంధ్రాలు వదిలి పోతుంది.

కొందరు పైన తేలిన నీటిని పీల్చడానికి పొడి సిమెంటు చల్లి తాపీతో నున్నగా రుద్దుతారు. చూడ్డానికి అద్దంలా ఉంటుంది. ఆర్నెల్లకు అదే పొట్టులా లేచిపోతుంది. పైనీరు దానంతటది ఆరేదాకా ఆగి, చెక్కతో రుద్ది, చీపురుతో అడ్డంగా గీతలు లాగితే చాలు. వానలో కాలు జారదు కూడా. ఇంట్లో ముసలివాళ్లుంటే ఈ గీతల విలువ తెలుస్తుంది.

రెడీమిక్స్ లారీ తెప్పించుకునేవారికీ ఇదే మాట. కలిపిన రెండు గంటల లోపు పోసేయాలి. ఆలస్యమైందని లారీలో నీళ్లు కలపనివ్వకూడదు.

పగలనిద్దాం, మనం చెప్పినచోట

కాంక్రీటు ఎలాగూ కుంచించుకుంటుంది, ఎలాగూ తెగుతుంది. తెలివైన పని ఏమిటంటే, ఎక్కడ తెగాలో మనమే ముందు నిర్ణయించడం. 4 అంగుళాల పలకకు 8 నుంచి 12 అడుగులకొక గాడి కొట్టాలి. మన 30 అడుగుల బాటను మూడు సమ చతురస్రాలు చేస్తే సరి. గాడి లోతు మందంలో నాలుగో వంతు, అంటే అంగుళం. పోసిన రోజు సాయంత్రమో, ఆలస్యమైతే మర్నాడు ఉదయమో మిషనుతో కోయాలి. వారం తరువాత కోస్తామంటే అప్పటికే అది తన ఇష్టం వచ్చినచోట పగిలి ఉంటుంది. పగులు ఆ గాడి అడుగున పడితే ఎవరికీ కనిపించదు, ఎవరికీ నష్టం లేదు.

ఇంటి గోడకూ బాటకూ మధ్య అర అంగుళం సందు వదిలి థర్మోకోలు ముక్క నిలబెట్టాలి. వేసవిలో బాట వ్యాకోచించి గోడను నెట్టకుండా అది కాపాడుతుంది. ఇక ఇనుప జాలీ. జాలీ వేస్తే పగుళ్లు రావని చాలామంది నమ్మకం. జాలీ పగుళ్లను ఆపదు, వచ్చిన పగులు వెడల్పు కాకుండా పట్టి ఉంచుతుంది. అదైనా పలక మందంలో సగానికి పైన ఉన్నప్పుడే. నేల మీద పరిచి దాని మీద కాంక్రీటు పోస్తే ఆ ఇనుము ఖర్చంతా మట్టిపాలు.

నీళ్లు పెట్టడం

పోసిన మర్నాటి నుంచి బాట చుట్టూ బంకమట్టితో గట్లు కట్టి, మడిలా నీళ్లు నిలపాలి. వాలు వల్ల నీరు నిలవకపోతే గోనెపట్టాలు గాని వరిగడ్డి గాని పరిచి తడుపుతూ ఉండాలి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు. ఈనాడు బజారులో ఎక్కువగా దొరికే బూడిద కలిసిన సిమెంటుకూ, మన ఎండలకూ 10 రోజులు తప్పనిసరి, రెండు వారాలైతే మరీ మంచిది. పొద్దున ఒకసారి పైపుతో చల్లి, మధ్యాహ్నం ఎండకు వదిలేసి, సాయంత్రం మళ్లీ చల్లడం తడపడం కాదు. అది మొక్కుబడి. అసలు తడి పెట్టని కాంక్రీటు తనకు రావలసిన బలంలో సుమారు సగం దగ్గరే ఆగిపోవచ్చు. 23 బస్తాలు కొని పదకొండు బస్తాల ఫలితం పొందటమన్నమాట.

నడక మర్నాడే ఫరవాలేదు. స్కూటరుకు వారం, కారుకు రెండు వారాలు ఆగాలి. బరువు బండ్లకు 28 రోజులు. 7 రోజులకు కాంక్రీటు తన బలంలో సుమారు మూడింట రెండు వంతులకే చేరుతుంది.

పాతది తీయాలా, పైన పోయాలా?

పాత బాట పాడైనప్పుడు ముందు పగులును చదవాలి. వెంట్రుక లాంటి గీత పడి, రెండు పక్కలూ సమంగా ఉంటే భయం లేదు. గీతలో చెత్త తీసి తారు గాని సీలెంటు గాని నింపితే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఒక పక్క ఎత్తుగా ఒక పక్క పల్లంగా ఉన్నా, కాలు వేస్తే పలక కదిలి సందులోంచి బురదనీరు చిమ్మినా జబ్బు నేలలో ఉందని అర్థం. దానికి పైపూత మందు కాదు. పాత పలక మీద అంగుళం మందం కొత్తది రుద్దితే అది అంటదు. మందంగా పోసినా కింది పగులు కొన్నాళ్లకు పైకి పాకుతుంది. సమ్మెటతో పగలగొట్టి, తీసి, నేల సరిచేసి మళ్లీ పోయడమే దారి. పగలగొట్టిన పెళ్లలను చిన్నవి చేసి గ్రావెల్ కింద నింపుకోవచ్చు. 2016లో సవరించిన మన కంకర ప్రమాణం పాత కాంక్రీటు నుంచి చేసిన కంకరను పరిమితులకు లోబడి కొత్త కాంక్రీటులో వాడటానికి కూడా ఒప్పుకుంది.

ఇక్కడే ఇంటి సంగతి వీధి సంగతవుతుంది. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం సామగ్రి నిధులతోనూ, ఇతర పథకాలతోనూ మన పల్లెల్లో వేల వీధులకు సిమెంటు రోడ్లు వచ్చాయి. బురద పోయింది. చీకట్లో ముసలివాళ్లు నడవగలిగారు, పిల్లలు బడికి తడవకుండా వెళ్లారు. ఆ మేలు కాదనేవాడు పల్లె ఎరగనివాడు. కాని చాలాచోట్ల పాత రోడ్డును తీయకుండా దాని మీదే కొత్తది పోశారు. ఒక్కొక్కసారికి 5, 6 అంగుళాలు. రెండుసార్లు పోస్తే అడుగు. మా వీధిలో అలాగే రెండుసార్లు వేశారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్లాలి. వానొస్తే మా నాయనమ్మ బియ్యం డబ్బాలు మంచం మీదికి ఎక్కించి కూర్చుంటుంది. ఎదురింటాయన స్థోమత ఉన్నవాడు గనక వాకిలి ఎత్తించుకున్నాడు. ఆయన నీళ్లు కూడా ఇప్పుడు మా వైపుకే. ఒక్కొక్కరూ తమ వాకిలి ఎత్తు పెంచుకుంటూ పోతే, ఆఖరికి వీధిలో బీదవాడి ఇల్లే చెరువవుతుంది. పాతది తవ్వి తీయడానికి కొంత ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చు మిగిల్చామనుకుంటాం గాని, దాన్ని ఎవరి ఇంట్లో జమ కట్టామో చూసుకోం.

వాననీటికి దారి

కాంక్రీటు పరిచిన నేల నీరు తాగదు. 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగినప్పుడు కారణాలు అనేకం వినిపించాయి. చెరువులూ నాలాలూ కుంచించుకుపోవడం అందులో ముఖ్యం. అయితే నీరింకే జానెడు నేల మిగలకుండా ఇంటింటా కప్పేయడం కూడా వాన నీటిని ఒక్కసారిగా వీధిలోకి తోస్తుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వాననీటిని ఇంకించమనే చెబుతోంది.

దీనికి చాలా సులువైన మార్గముంది. వాకిలంతా పరిచే బదులు చక్రాలు నడిచే రెండు పట్టీలు మాత్రం, ఒక్కొక్కటి రెండడుగుల వెడల్పుతో పోసి, మధ్యలో గడ్డి గాని కంకర గాని వదిలేయండి. మన లెక్కలో 10 అడుగుల వెడల్పు 4 అడుగులవుతుంది. 23 బస్తాల బదులు సుమారు 9 బస్తాలు చాలు. తల్లి ముగ్గుకు మట్టి మిగులుతుంది, బావికి నీరు మిగులుతుంది. సున్నపురాయిని కాల్చి సిమెంటు చేసేటప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు లోకంలో మనుషులు వదిలే దానిలో నూటికి 7, 8 వంతులుంటుందంటారు. తక్కువ వాడటం ఆ విధంగానూ మేలే.

చేతుల మాట

ఇంత చెప్పి, ఆ కాంక్రీటు మోసే మనుషుల సంగతి చెప్పకపోతే అన్యాయం. పాలమూరు నుంచీ శ్రీకాకుళం నుంచీ వలస వచ్చి తట్టలు మోసిన చేతులతోనే మన నగరాలు లేచాయి. తడి సిమెంటు గాఢమైన క్షారం. గంటల తరబడి అందులో నిలబడితే పాదాల చర్మం కాలి పుండవుతుంది. ఆ పుండును చాలామంది "సిమెంటు తినేసింది" అని మామూలుగా చెప్పుకుంటారు. రబ్బరు బూట్లు, చేతి తొడుగులు, కడుక్కోవడానికి ఒక తొట్టెడు మంచినీళ్లు. 23 బస్తాల ఖర్చులో ఇది ఒక లెక్కా? కొనిపెట్టాల్సింది పని చేయించుకునేవాళ్లం మనం.

సెలవులకు ఇంటికి వెళ్లే మిత్రులకు ఒక మనవి. మీ వీధిలోనో మీ వాకిట్లోనో కాంక్రీటు పోస్తుంటే దూరంగా కుర్చీ వేసుకుని చూడకండి. దగ్గరకు వెళ్లి నాలుగు ప్రశ్నలడగండి. పాతది తీశారా? కింద కుదించారా? బస్తాకు ఎన్ని లీటర్లు పోస్తున్నారు? రేపటి నుంచి నీళ్లెవరు పెడతారు? మేస్త్రీని మేస్త్రీగారూ అని పిలిచి అడగండి, ఆయనకు తెలిసినవి మనకు తెలియనివి చాలా ఉంటాయి. ఆఖరి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పకపోతే మాత్రం, ఆ పది రోజులూ పైపు మీరే పట్టుకోండి.